విలియం కేరీ గారి తోట

శతవార్షికోత్సవ సంచికకు ఒక దైవసేవకుని జీవిత చరిత్ర వ్రాసి పంపవలసినదని సంపాదక వర్గము వారు కోరిన దినములలో మా సంఘములో ఒక వివాదము నడుస్తున్నది. ఆరాధనకు వచ్చే వారందరికీ తెలిసినదే గనుక ఇక్కడ దాచవలసిన పని లేదు. దేవాలయము వెనుక, పారిష్ హాలుకూ ప్రహరీ గోడకూ మధ్య సుమారు ఇరవై సెంట్ల ఖాళీ స్థలము ఉన్నది. తుమ్మ తుప్పలు, పాత ఇటుకలు, ఎప్పుడో విరిగిన బెంచీల ముక్కలు తప్ప అందులో ఏమీ లేవు. అక్కడ సంఘమంతా కలిసి ఒక కూరగాయల తోట వేసి, ఈ వసంత కాలమునకే ప్రారంభించుదామని కొందరి కోరిక. రోడ్డు వైపు నాలుగు షాపులు కట్టి అద్దెకు ఇస్తే సంఘమునకు స్థిరమైన రాబడి ఉంటుందని మరికొందరి వాదన. కార్లు, స్కూటర్లు నిలుపుకొనుటకు చదును చేస్తే చాలునని మూడవ పక్షము. పాస్టరేట్ కమిటీలో, ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగము చేసి రిటైరైన ఒక పెద్దాయన నన్ను సూటిగానే అడిగారు, అయ్యగారూ, వంకాయలకూ సువార్తకూ ఏమి సంబంధమని.

ఆ పూట నవ్వి ఊరుకున్నాను గాని ప్రశ్న నన్ను విడువలేదు. ఇంటికి వచ్చిన తరువాత విలియం కేరీ గారు జ్ఞాపకమునకు వచ్చారు. వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర పరీక్షకు ఆయన తేదీలన్నీ కంఠస్థము చేసిన వాడనే. ఆయన ఎన్ని భాషలలోనికి బైబిలును తర్జుమా చేయించారో, ఏ సంవత్సరములో ఏ పుస్తకము అచ్చయినదో వ్రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆయన చేతులకు ఎల్లప్పుడూ మట్టి అంటుకొని ఉండేదన్న సంగతి మాత్రము నా నోట్సులో లేదు. కాబట్టి ఈ వ్యాసములో తర్జుమాదారుడైన కేరీ గారిని కొంచెము పక్కన నిలిపి, తోటమాలియైన కేరీ గారిని గురించి చెబుతాను.

విలియం కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లండులో నార్తాంప్టన్‌షైర్ ప్రాంతమునకు చెందిన పాలర్స్‌పరీ అను గ్రామములో పుట్టారు. తండ్రి ఎడ్మండ్ మొదట మగ్గము నేసిన వాడు, తరువాత ఆ ఊరి బడిపంతులు, దేవాలయపు గుమాస్తా. పినతండ్రి పీటర్ సైన్యములో కెనడా దేశము వెళ్లి వచ్చి, తోట పనిలో స్థిరపడినవాడు. పిల్లవానికి మొక్కల పిచ్చి పట్టించినది ఈ పినతండ్రియే అనుకోవచ్చును. కుర్రవాడి గది నిండా పురుగులు, పక్షులు, ఏరుకొచ్చిన మొక్కలు. ఇంటి తోట అతనికి అప్పగించబడినది. అయితే అతనికి ఒక చర్మవ్యాధి ఉండేది. ఎండ తగిలితే ఒళ్లంతా మండేది. పొలము పనికి పనికిరాడని తేలి, తండ్రి అతనిని పిడింగ్టన్ అను ఊరిలో చెప్పులు కుట్టే పని నేర్చుకొనుటకు పంపించాడు. మట్టిపని అంటే ప్రాణము పెట్టే వానిని ఎండ తరిమివేసి నీడలో తోలు ముందు కూర్చోబెట్టింది. ఎండంటే పడని ఆ మనిషే తరువాత మన దేశపు ఎండలో నలుబది సంవత్సరములు తోట పెంచారు.

మోల్టన్, లెస్టర్ పట్టణములలో ఆయన పాస్టరు పని చేసిన సంగతి, 1792లో మిషనరీ సేవను గురించిన చిన్న పుస్తకమును అచ్చువేయించిన సంగతి, ఆ సంవత్సరము అక్టోబరులో కెట్టరింగ్‌లో బాప్టిస్టు మిషనరీ సంఘము ఏర్పడిన సంగతి మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసును. 1793 జూన్‌లో ఒక డేనిష్ ఓడ ఎక్కి, భార్య డొరోతీతోను, నలుగురు బిడ్డలతోను, భార్య చెల్లెలితోను ఆ సంవత్సరము నవంబరులో కలకత్తా చేరారు. చేతిలో డబ్బు లేదు. ఈస్టిండియా కంపెనీ వారికి మిషనరీలంటే ఇష్టము లేదు. మొదటి సంవత్సరములోనే కుటుంబము సుందరవనములలో అడవి కొట్టి వెదురు ఇల్లు వేసుకొని, నేల సాగుచేసి బ్రతకవలసి వచ్చింది. పులులు తిరిగే చోట మొట్టమొదట ఆయన చేసిన పని విత్తనము వేయుటయే. ఇది వినోదము కాదు, తిండి కొరకు.

1794లో ఉత్తర బెంగాలులో మదనాబాటి అను గ్రామములో నీలిమందు ఫ్యాక్టరీకి మేనేజరు ఉద్యోగము దొరికింది. అక్కడనుండి ఇంగ్లండులోని స్నేహితులకు వ్రాసిన ఉత్తరములలో ఆయన ఏమి అడిగారో తెలుసునా? కొడవళ్లు, నాగలి చక్రములు, ఏటేటా రకరకాల కూరగాయల, పూల, పండ్ల చెట్ల విత్తనములు. తనకు జీతము వస్తున్నది గనుక మిషను సొమ్ము అక్కరలేదని చెప్పిన మనిషి విత్తనములు మాత్రము మొగమాటము లేకుండా అడిగారు. అవి తన కొరకు మాత్రమే కాదనియు, ఈ దేశమునకు ఉపయోగపడుననియు ఆయన తలంపు.

ఆ చుట్టుపక్కల రైతులు దున్నే విధానము, వారి పనిముట్లు, వారు వేసే పంటలు, వరదలకు వారు పడే బాధ ఆయన ఊరూరా తిరిగి చూశారు. వాక్యము ప్రకటించుటకు వెళ్లిన ఊరిలోనే పొలము గట్టు మీద నిలువబడి రైతుతో మాట్లాడే అలవాటు ఆయనది. దినాజ్‌పూర్ జిల్లా వ్యవసాయ స్థితిని గురించి ఆయన తరువాత వ్రాసిన వ్యాసము ఏషియాటిక్ సొసైటీ వారి గ్రంథములలో అచ్చయినది. మన పాస్టర్లలో గ్రామములలో సేవ చేసిన వారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. విత్తనము ధర, వాన ఆలస్యము తెలియని వాడు పల్లెలో ప్రసంగిస్తే వినేవారు గౌరవముగా తల ఊపి పోతారు.

మదనాబాటిలోనే ఆ ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. 1794లో అయిదేండ్ల పీటర్ జబ్బు చేసి చనిపోయాడు. అప్పటికే ఇష్టము లేకుండా దేశము విడిచి వచ్చిన డొరోతీ గారి మనస్సు ఆ దుఃఖముతో చెదిరిపోయింది. మరి బాగుపడలేదు. భర్తను అనుమానించి నిందించేవారు, ఒక్కొక్కప్పుడు మీద పడేవారు. పన్నెండు సంవత్సరములకు పైగా అలాగే ఉండి 1807 డిసెంబరు 8న సెరంపూరులో కన్నుమూశారు. ఆయన పక్క గదిలో కూర్చుండి తర్జుమా చేసుకొనేవారు, గోడ అవతలనుండి ఆమె కేకలు వినబడేవి. కేరీ గారి జీవిత చరిత్రలు చాలా మట్టుకు ఈ భాగమును రెండు వాక్యములలో దాటివేస్తాయి. దాటివేయుట న్యాయము కాదని నా అభిప్రాయము. తోటలో ఆయనకు దొరికిన నెమ్మది ఆమెకు ఎక్కడ దొరికింది? మహనీయుల ఇండ్లలో తలుపు వెనుక ఉండిపోయిన వారిని మన సంచికలు కూడా తలంచుకోవాలి. ఆ మాట అన్న తరువాత ఇది కూడా చెప్పాలి. ఆమెను విడిచి పంపివేయమని స్నేహితులు చెప్పినా ఆయన పంపలేదు. దినమునకు కొంత సేపు మొక్కల మధ్య నిలువబడి ఉండకపోతే ఆయన మనస్సు కూడా నిలిచి ఉండేది కాదేమో.

1800 జనవరి 10న ఆయన సెరంపూరు వచ్చారు. అది హుగ్లీ నది ఒడ్డున డేనిష్ వారి ఏలుబడిలో ఉన్న పట్టణము. మార్ష్‌మన్, వార్డ్ గారలతో కలిసి అక్కడ చేసిన సేవ లోకమంతటికీ తెలుసును. 1801లో బెంగాలీ క్రొత్త నిబంధన, అదే సంవత్సరము కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాలలో ఉపాధ్యాయ పదవి, 1818లో సెరంపూర్ కళాశాల. మన దేశములో వేదాంత విద్యార్థులలో చాలామంది చేతికి నేటికీ సెరంపూర్ పేరుతోనే డిగ్రీ వస్తున్నది. నా గోడకు వ్రేలాడుతున్న పత్రము మీద కూడా ఆ పేరే.

ఇంత పని మధ్య ఆయన అక్కడ సుమారు అయిదు ఎకరముల తోట వేశారు. ప్రహరీ కట్టించి, లిన్నేయస్ అను స్వీడన్ శాస్త్రజ్ఞుడు చెప్పిన వర్గముల క్రమములో మడులు తీర్చి, ఒక్కొక్క మొక్కకు దాని స్థానము ఏర్పరచారు. మహాగని చెట్లు బారులు తీరిన నడవ ఒకటి ఉండేది. వందల జాతుల మొక్కలు. కుమారుడు జాబెజ్ సువార్త పనిమీద దూరాన అంబోయినా దీవికి వెళ్లినప్పుడు తండ్రి వ్రాసిన ఉత్తరములలో ఆత్మీయ హితవుతో పాటు, అక్కడి మొక్కలను ఎలాగు పెకలించాలో, ఎలాగు పెట్టెలలో సర్ది ఓడలో పంపాలో కూడా ఉండేది. ఉదయము ఆరు గంటలకు ముందే లేచి హెబ్రీ బైబిలులో ఒక అధ్యాయము చదువుకొని ప్రార్థించేవారు. ఏకాంత ప్రార్థనకు ఆయన గది ఆ తోటయే. తోటలో అనవసరముగా ఎవరైనా ఒక పువ్వు త్రుంచినా ఆయన సహించేవారు కారట. మా సంఘములో బలిపీఠము మీది పువ్వుల విషయములో కొందరు అమ్మలకు కూడా ఈ గుణము ఉన్నది.

ఒక చిన్న సంగతి. ఇంగ్లండునుండి విత్తనముల సంచి ఒకటి వచ్చింది. విత్తనములు తీసుకొన్న తరువాత ఖాళీ సంచిని పారవేయకుండా, అంటుకొని ఉన్న దుమ్మును ఒక నీడపట్టు మట్టిలో దులిపారు. కొన్ని దినముల తరువాత అక్కడ డెయిజీ మొలక కనబడింది. ఇంగ్లండులో ప్రతి పచ్చిక మీద కాలికి తగిలే అతి సామాన్యమైన పువ్వు అది. దేశము విడిచి ముప్పది సంవత్సరములు కావస్తున్న ఆ పెద్దాయన దానిని చూచి పొంగిపోయి స్నేహితునికి వ్రాశారు. జేమ్స్ మాంట్‌గోమరీ అను కవి ఆ సంగతి విని దాని మీద ఒక పద్యము వ్రాశాడు. దుబాయిలోనో కువైటులోనో ఉంటున్న మన పిల్లలు బాల్కనీ కుండీలో గోంగూర మొలిస్తే ఫొటో తీసి పంపిస్తారు. ఇదీ అదే సంతోషము.

ఇప్పుడు మన తీరమునకు సంబంధించిన భాగమునకు వస్తాను. కేరీ గారి తోటకూ మన తెలుగు నేలకూ ఉన్న సంబంధము చాలామందికి తెలియదు. విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు వైద్యుడు 1780 దశకములో కాకినాడ దగ్గర సామర్లకోటలో ఉండి మొక్కల తోట పెంచాడు. మిరియము, చెరకు, నీలిమందు మొదలైనవి అక్కడ సాగుచేసి చూశాడు. 1787లో వచ్చిన గొప్ప ఉప్పెన తుపానులో ఆయన పోగుచేసిన మొక్కలు, పుస్తకములు పోయాయి. మళ్లీ మొదలుపెట్టాడు. ఆ తరువాత సర్కారు జిల్లాలలో కరవు వచ్చి జనము మలమల మాడిపోయినప్పుడు, వానలు తప్పినా తిండి దొరికేటట్లు కొబ్బరి, పనస, అరటి వంటివి కాలువ గట్ల మీద, ఊళ్ల చుట్టూ నాటించాలని కంపెనీకి సలహా ఇచ్చాడు. 1793లో కలకత్తా వద్ద కంపెనీ వారి మొక్కల తోటకు అధికారిగా వెళ్లాడు. అక్కడ కేరీ గారికి ఆప్తుడైనాడు. ఇద్దరూ మొక్కలు ఇచ్చి పుచ్చుకొనేవారు. ఒక చెట్టు జాతికి రాక్స్‌బర్గ్ తన స్నేహితుని పేరు పెట్టి కేరియా అన్నాడు. మన తూర్పు కనుమలలో పెరిగే కుంభి చెట్టు ఆ జాతిదే. అరకు వైపు అడవులలో కుంభి ఎదురుపడితే అది శాస్త్ర గ్రంథములలో మన కేరీ గారి పేరున ఉన్నదని గుర్తుంచుకోండి.

రాక్స్‌బర్గ్ ఆరోగ్యము చెడి 1813లో దేశము విడిచి వెళ్లి, 1815లో ఎడింబరోలో చనిపోయాడు. కలకత్తా తోటలోని సుమారు 3,500 రకముల మొక్కల జాబితాను 1814లో కేరీ గారే ముందుమాట వ్రాసి సెరంపూర్ ముద్రాలయములో అచ్చువేయించారు. స్నేహితుడు విడిచిపోయిన పెద్ద వ్రాతప్రతిని, ఫ్లోరా ఇండికా అను గ్రంథమును కూడా ఆయనే అచ్చుకు తెచ్చారు. మొదటి సంపుటము 1820లో వచ్చింది. 1832లో మూడు సంపుటములుగా వెలువడింది. అందులో చాలా మొక్కలకు లాటిను పేరు ప్రక్కన తెలింగ పేరు అని మన వాడుక పేరు కూడా ఉంటుంది. గోదావరి జిల్లా రైతులు, మందుల వాళ్లు రాక్స్‌బర్గ్‌కు చెప్పిన పేర్లు అవి.

మన విశాఖపట్నమునకు కూడా ఆ ముద్రాలయము ఋణదాతయే. 1805లో లండన్ మిషను తరపున జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ గారలు ఈ పట్టణమునకు వచ్చి తెలుగు నేర్చుకొని సువార్తలను తర్జుమా చేయనారంభించారు. బ్రాహ్మణ కుటుంబమునుండి వచ్చి క్రైస్తవుడైన ఆనందరాయరు గారు వారికి తోడుపడ్డారు. క్రాన్ 1809లోను, డెస్‌గ్రాంజెస్ 1810లోను మరణించారు. వారి తర్జుమాలోని మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో అచ్చయినది సెరంపూరులోనే. ఆ సంవత్సరమే మార్చి 11 రాత్రి ముద్రాలయము తగలబడింది. అక్షరములు కరిగిపోయాయి, కాగితము బూడిదయింది. కేరీ గారి వ్రాతప్రతులు ఎన్నో కాలిపోయాయి. వాటిలో తెలుగు వ్యాకరణమునకు సంబంధించినవి కూడా ఉన్నాయి. ఆయన తిరిగి కూర్చుండి వ్రాశారు. 1814లో ఆ వ్యాకరణము అచ్చయినది.

1820లో, తన యాభై తొమ్మిదవ ఏట, ఆయన మరొక పని తలపెట్టారు. వ్యవసాయము, తోటపని వృద్ధిచేయుటకు ఒక సంఘము ఉండాలని ఏప్రిలులో ఒక కరపత్రము పంచారు. బీడు నేలలు సాగులోనికి తేవడము, మంచి విత్తనములు, ఎరువులు, పశువులు, కొత్త పంటలు, కలప చెట్లు నాటడము, ఇవి అందులోని విషయములు. సెప్టెంబరు 14న కలకత్తా టౌన్ హాలులో మొదటి సమావేశము జరిగినప్పుడు వచ్చిన వారు అతి కొద్దిమంది. మన పని దినములకు వచ్చే జనమును తలంచుకొని నేను ఇక్కడ కొంచెము ఓదార్పు పొందుతుంటాను. ఆయన నిరుత్సాహపడలేదు. సంఘము పెరిగింది. అందులో భారతీయులు కూడా సభ్యులుగా ఉండాలని మొదటినుండి ఆయన పట్టుదల. మాలీలు పండించిన కూరగాయలు తెచ్చి ప్రదర్శనలో పెడితే వారికి బహుమతులు ఇచ్చేవారు. 1824లో ఆయన ఆ సంఘమునకు అధ్యక్షులైనారు.

ఆ సభ్యులలో రాధాకాంత దేవ్, రామకమల్ సేన్ వంటి కలకత్తా హిందూ పెద్దలు ఉన్నారు. 1829 డిసెంబరులో సతీసహగమనమును నిషేధించే శాసనము వచ్చినప్పుడు దానిని బెంగాలీలోనికి తర్జుమా చేసినది కేరీ గారు. దానిని వ్యతిరేకించి ధర్మసభ పెట్టిన వారికి నాయకుడు రాధాకాంత దేవ్ గారు. ప్రాణముపోయే విషయములో ఎదురెదురుగా నిలువబడిన ఇద్దరు, మామిడి అంట్లు, బంగాళాదుంప విత్తనము దగ్గర ఒకే సంఘములో సభ్యులు. ఈ సంగతి చదివినప్పుడు నేను పుస్తకము మూసి కొంచెము సేపు కూర్చున్నాను. షాపులా, తోటా అన్న వాదములో మా కమిటీ సభ్యులు ఇద్దరు మూడు ఆదివారములుగా కరచాలనము మానుకొని ఉన్నారు.

1823 అక్టోబరులో పడవ దిగుతూ కేరీ గారు జారిపడి తుంటికి గాయము చేసుకొని మంచము పట్టారు. ఆ దినములలోనే దామోదర్ నది పొంగి ఆ ప్రాంతమును ముంచివేసింది. తోట అంతా నీటి క్రింద. ఏళ్ల తరబడి ఏరి కూర్చిన మొక్కలు కుళ్లిపోయాయి. నది ఒడ్డు కోసుకుపోయి, ఉంటున్న ఇల్లు కూడా విడువవలసి వచ్చింది. లేచి నడవగలిగిన తరువాత ఆయన మళ్లీ మడులు కట్టించారు. లండనులోని లిన్నేయన్ సొసైటీ ఆ సంవత్సరమే ఆయనను తమ సభ్యునిగా ఎన్నుకొన్నది. బురదలో మోకాళ్ల మీద ఉన్న వానికి వచ్చిన గౌరవము అది.

చివరి నెలలలో ఆయన నడవలేకపోయారు. కుర్చీలో కూర్చోబెట్టి తోటలోనికి తీసుకొనిపోయేవారు. అది కూడా చేతకానప్పుడు పెద్ద మాలీ దినమూ గదిలోనికి వచ్చి ఏ మొక్క ఎలాగున్నదో చెప్పి, ఏమి చేయవలెనో అడిగి పోయేవాడు. ఒక దినము ఆయన దిగులుతో కన్నీరు పెట్టుకొన్నారు. తాను పోయిన తరువాత మార్ష్‌మన్ గారు తోటలోనికి ఆవులను తోలిస్తారని ఆయన భయము. మార్ష్‌మన్ గారు నవ్వకుండా, తోటను కాపాడుట తనకు పవిత్రమైన బాధ్యత అని మాట ఇచ్చారు. 1834 జూన్ 9 ఉదయము కేరీ గారు ప్రభువునందు నిద్రించారు. మూడు సంవత్సరములకే మార్ష్‌మన్ గారూ పోయారు. ఆ తోట నిలువలేదు. తరువాతి కాలములో ఆ నేల జనపనార మిల్లు క్రిందికి పోయింది. టౌన్ హాలులో అతి కొద్దిమందితో మొదలైన వ్యవసాయ తోటపని సంఘము మాత్రము నేటికీ ఉన్నది. కలకత్తా ఆలీపూర్‌లో దానికి తోట ఉన్నది, అక్కడ పూల ప్రదర్శనలు జరుగుతాయి.

ఈ భాగము నన్ను తాకుటకు ఒక కారణమున్నది. రెండు పాస్టరేట్ల క్రితము, ఒక గ్రామములో, పార్సనేజి చుట్టూ నేను ఎంతో ఇష్టముగా తోట వేశాను. బొప్పాయి, ములగ, అరటి, ఆనప పాదులు, మా అమ్మగారి కొరకు రోజాలు. తెల్లవారుజామున లేచి నీళ్లు మోసేవాడను నేనే, గేటు తాళపుచెవి నా జేబులోనే. మే నెలలో ట్రాన్స్‌ఫరు వచ్చింది. మరుసటి ఏడు ఒక పెండ్లికి వెళ్లి చూస్తే కరివేపాకు చెట్టు ఒకటి మిగిలి ఉన్నది. మిగిలినదంతా మేకలు తినివేశాయి. ఆ ఊరి వారి మీద చాలా దినములు మనస్సులో కోపము పెట్టుకొన్నాను. తోట నాది అని ఊరంతటికీ తెలిసేటట్లు పెంచినవాడను నేనే. నేను వెళ్లిపోయిన తరువాత దానికి ఎవరు దిక్కు? పాస్టరు అనేవాడు ట్రాన్స్‌ఫరయ్యే మనిషి. ఇప్పుడున్న చోట కూడా నాకు ఇది నాలుగవ సంవత్సరము.

అందుచేత మొన్న జనవరి కమిటీలో నేను వాదించలేదు. కేరీ గారి కథ, ఇప్పుడు మీకు చెప్పినట్లే, వారికి చెప్పాను. షాపుల మాట పూర్తిగా పోలేదు, రోడ్డు వైపు అయిదు సెంట్లు దానికి విడిచిపెట్టి, మిగిలిన దానిలో తోట వేయడానికి అందరూ ఒప్పుకొన్నారు. వసంతము అని అందరూ అంటున్నారు గాని, ఇంగ్లండు వారి వసంతము వేరు, మనది వేరు. మంచు కరిగిన తరువాత విత్తే దేశము కాదు మనది. చైత్రము వచ్చేసరికి ఈ ఊరిలో ఎండ ముదిరి, ఉక్కపోత మొదలవుతుంది. వేసవి పంటకు విత్తనము మాఘములోనే పడాలి. కనుక ఫిబ్రవరి మొదటి శనివారము నేల త్రవ్వి, ఇటుకలు ఏరి, పశువుల గెత్తము తోలించాము. నేలలో ఇసుక పాలు ఎక్కువ, నీరు నిలువదు. అందుచేత గెత్తము రెండు ట్రాక్టర్లు పట్టింది. బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర మడులలో వేశాము. బీర, ఆనప, దోస పాదులలో పెట్టాము. హార్బరు వైపునుండి గాలి తిరిగినప్పుడు ఆకుల మీద నల్లని ధూళి పడుతుంది. సాయంత్రము పూట ఆకులు తడిపి కడగాలని, కోసిన కూర రెండు నీళ్లలో కడగనిదే ఇంటికి తీసుకొని పోరాదని అనుభవముగల అమ్మలు నియమము పెట్టారు.

ప్రారంభ ప్రార్థన దినమున ఆ రిటైరైన పెద్దాయనే మొదటి పాదులో ఆనప గింజ పెట్టారు. ప్రశ్న ఉపసంహరించుకొన్నట్లు ఆయన చెప్పలేదు, నేనూ అడుగలేదు. ఆయన ఇంటిలో పాత పార ఒకటి ఉంటే తెచ్చి హాలు గదిలో పెట్టారు. మొదటి కాపు కోత పండుగకు బలిపీఠము ముందు పెట్టి, తరువాత సంఘములో ఒంటరిగా ఉన్న వృద్ధులకు, ఇంటిలో సంపాదన లేని కుటుంబములకు ఇవ్వాలని తీర్మానము. నీటి వంతులు షిఫ్టుల ప్రకారము వ్రాసి హాలు తలుపుకు అంటించాము. నైట్ షిఫ్టు ముగించుకొని వచ్చే యువకులకు తెల్లవారు జామున, యవనస్థుల కూటమికి సాయంత్రము, సండేస్కూలు పిల్లలకు ఆదివారము. నా పేరు శుక్రవారము వంతులో మరి ముగ్గురితో కలిపి ఉన్నది. గేటు తాళపుచెవులు రెండు చేయించాము. ఒకటి స్త్రీల మైత్రి కార్యదర్శి గారి దగ్గర, రెండవది పక్క వీధిలో ఉంటున్న ఆ పెద్దాయన దగ్గర ఉన్నది.